డాక్టరమ్మ తమ్ముడి కారు

అరవైల మొదట్లో బాపు, అంటే మా నాన్న, నేను కొత్తకోటలో బెంగుళూరు రోడ్డు పక్కన లారీలు బాగుచేసే షెడ్డు నడిపేవాళ్లం. ఒకనాటి పొద్దున టాపు లేని పాత కారొకటి నీలం పొగ కక్కుతూ వచ్చి ఆగింది. ఇద్దరే పట్టే రేసుకారు లాంటిది. నడుపుతున్నది తల నెరిసిన ఆడమనిషి. పక్క సీట్లో గుడ్డ కట్టిన చిన్న మట్టికుండ.

"జడ్చర్లల ఇంజన్ ఆయిల్ నింపిచ్చిన. అప్పుడే అయిపోయింది. చప్పుడు గూడ వస్తాంది" అంది.

హైదరాబాదులో డాక్టరట. కారు ఆమె తమ్ముడిది. కుండలో ఉన్నవి అతని అస్థికలు. బీచుపల్లి దగ్గర కృష్ణలో కలపడానికి పోతోంది.

"బస్సుల పోవచ్చు గదమ్మా?" అన్నాను.

"వాన్ని వాని బండిలనే తీస్కపోదామనుకున్న."

బాపు ముందు హ్యాండిల్ పెట్టి ఇంజన్ తిప్పాడు. బాగున్న ఇంజనైతే చేతిని వెనక్కి నెడుతుంది. ఇది మజ్జిగలో గరిటె తిప్పినట్టు తిరిగిపోయింది. ప్లగ్గులు విప్పి లోపల కాస్త ఆయిల్ పోసి, మళ్లీ బిగించి నన్ను తిప్పమన్నాడు. ఈసారి బిగువుగా వచ్చింది. అంటే అరిగినవి పిస్టన్ రింగులు.

తర్వాత ఇంజన్ వేడెక్కేదాకా నడిపించాడు. ఆయిల్ ఒత్తిడి చూపే ముల్లు అడుగుకు వాలింది. కింద నుంచి ఎవరో సమ్మెటతో కొడుతున్నట్టు బరువైన చప్పుడు. ఒక్కో ప్లగ్గు వైరు తీస్తూ విన్నాడు. ఒక వైరు తీయగానే చప్పుడు తగ్గింది. ఇంజన్ ఆపేశాడు.

"రింగులొక్కటే అయితే పొగతోనే పోవచ్చమ్మా. కింద బేరింగు గూడ పోయింది. నడిపితే రాడ్ ఇరిగి ఇంజనే పగుల్తది."

"నదిదాంక గూడ పోదా?"

"పోతదని చెప్తే అబద్ధమైతది."

ఆమె స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుంది. "మా తమ్మునికి మందులు నేనే ఇచ్చిన. బతకడని నాకు ఎరుకే. బాగైతవనే చెప్పుకుంట వచ్చిన" అంది.

బాపు రోడ్డు మీదికి పోయి, కర్నూలు వైపు పోతున్న పల్లీల లారీని ఆపాడు. డ్రైవరు తెలిసినవాడే. కుండ సంగతి విని ఒప్పుకున్నాడు. "జర మెల్లగ పోతనమ్మా, ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు.

కారును లారీకి మోకుతో కట్టాం. ఇంజన్‌తో పని లేదు, స్టీరింగ్ ఆమే పట్టింది. నేను బస్తాల మీద కూర్చుని మోకునే చూస్తూ పోయాను. లారీ లేపిన దుమ్ము ఆమె తలంతా కప్పేసింది. గతుకు వచ్చినప్పుడల్లా ఒక చేత్తో కుండను పట్టుకునేది.

బీచుపల్లిలో ఆమె మోకాలి లోతు నీళ్లలోకి ఒక్కతే దిగింది. అంతసేపూ డ్రైవరు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తిరిగి వచ్చి, తడి చీరతోనే కార్లో కూర్చుని ఏడ్చింది. మేమెవరమూ దగ్గరికి పోలేదు.

ఆమెను బస్సెక్కించి, మర్నాడు మరో లారీకి కట్టి కారును షెడ్డుకు తెచ్చి ఇంజన్ విప్పాం. బేరింగు లోహం రేకులు రేకులుగా ఊడి ఆయిల్లో పడి ఉంది. సామాన్లు హైదరాబాదులో కూడా దొరకలేదు. చాలా కాలం అది మా షెడ్డులోనే ఉండి, చివరికి వేరే ఇంజన్ వేసుకుంటానన్న కర్నూలు మనిషికి పోయింది. అతను కారు తీసుకుపోయే నాడు డాక్టరమ్మ బస్సులో వచ్చింది. ఒకసారి ఎక్కి కూర్చోమంటే వద్దంది. బాపుతో చాయ్ తాగి, ఎండ తగ్గాక హైదరాబాదు బస్సెక్కింది.