గేటు పక్క గది ఇల్లేనా?

తడిసిన జిప్సం కొత్త సుద్దముక్కలా వాసనేస్తుంది. మొన్న అబూ హమూర్‌లో వానకు ఊడిపడిన ఒక సీలింగు కింద నిలబడగానే ఖాదర్ భాయ్ గుర్తొచ్చారు. దోహాలో వాన పడితే జనం ఫోన్లెత్తి వీడియోలు తీస్తారు. ఇంటి బీమా నష్టాన్ని లెక్కకట్టే మాబోటివాళ్ళం ఫోన్లెత్తి తిట్లు వింటాం. నిజామాబాద్ నుంచి వచ్చిన ఖాదర్ భాయే నాకు ఈ పని నేర్పారు. నేర్పడమంటే పాఠాలు చెప్పడం కాదు, ప్రశ్నలతో చంపడం. "బిడ్డా, ఇల్లంటే ఏంది?" అన్నారు మొదటిరోజే. సివిల్ ఇంజనీర్ని కదా, పునాది, గోడలు, కప్పు అని ధీమాగా చెప్పాను. "మరి గోడకు బిగిచ్చిన అల్మారా?" అన్నారు. నా డిగ్రీ అక్కడే తలుపేసుకుంది.

ఆ వారమే ఉమ్ సలాల్‌లో ఒక విల్లాకు వెళ్ళాం. గాలివానకు గేటు పక్కనున్న డ్రైవరు గది కప్పు కూలింది. డ్రైవరు ఓబులేసుది కడప జిల్లా. యజమాని తీసుకున్న పాలసీ ఇంటికీ, ఆవరణలోని శాశ్వత కట్టడాలకూ వర్తిస్తుంది. తాత్కాలికమైన వాటికి వర్తించదు. నాకు పైన రేకు అంచు కనిపించింది. 'షెడ్డు' అని రాసేశాను.

ఓబులేసు నా పెన్ను వంకే చూస్తున్నాడు. "సార్, ఇది ఇల్లు కాదని రాస్తే మా బాబా, అదే మా ఓనరు, మళ్లా కట్టియ్యడంట. రూము లేకుంటే డ్రైవరూ వద్దు, ఊరికి పో అంటాండాడు."

ఖాదర్ భాయ్ లోపలికి దూరారు. పాత చెమ్మ మరకలున్నాయేమోనని వెతికారు. ఉంటే నిర్లక్ష్యం కింద లెక్క, బీమా రాదు. మరకల్లేవు. రేకు ఎండకని తర్వాత వేసింది. కూలింది కాంక్రీటు కప్పే. గది గోడ ప్రహరీలో కలిసిపోయి ఉంది, రెంటికీ పునాది ఒకటే.

"బిడ్డా, దీన్ని లారీల ఎక్కిచ్చి తీస్కపోతవా?"

"పగలగొడితే తప్ప కుదరదు భాయ్."

"పగలగొడ్తెనే కదిలేది ఇల్లు. ఊకెనే కదిలేది సామాను. ఇగ ఆ షెడ్డు కొట్టెయ్."

కొట్టేశాను. ఆ వానకు కూలిన రెండో కట్టడం అదే. అల్మారా సంగతీ అప్పుడే తేలింది: గోడ నుంచి పెకలిస్తే తప్ప కదలదు కనుక అదీ ఇల్లే.

ఓబులేసు ముఖం వికసించింది. "అయితే నా పరుపు, టీవీ గూడా ఇస్తారా సార్?"

"అయి సామాను తమ్మీ. ఈ పాలసీ గోడలదే. లేనిది రాయ."

ఓబులేసు తడి దిండు పిండుతూ నవ్వాడు. "పోనీలే సార్. గోడలుంటే పరుపు యాడన్నా దొరుకుతాది."

ఖాదర్ భాయ్ చొక్కా చేతులు మడిచి, నీళ్ళోడుతున్న పరుపుకు ఒక చివర పట్టుకున్నారు. "ఏం జూస్తున్నవ్ ఇంజనీర్ సాబ్? యల్లా, అటు పట్టు!" ముగ్గురం దాన్ని ప్రహరీ మీద ఎండేశాం.

ఇప్పుడు నేనూ రిపోర్టు రాసేముందు ఎవరిదో ఒకరి తడి పరుపుకు ఓ చివర పట్టుకుంటాను. గది ఎవరిదో, అందులో ఎన్నాళ్ళుగా ఉంటున్నారో, మాటల్లో తెలుస్తుంది. అవి రాయడానికి రిపోర్టులో చోటుండదు. నా నడుముకైతే ఏ పాలసీలోనూ చోటు లేదు.