తారురోడ్డు మీద ఉలవలు

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలు పోయించుకున్న ప్రతిసారీ గిన్నె వంచి నీళ్ళు కలిపారేమోనని చూసేదాన్ని. అందరికంటే ఎక్కువ అనుమానించింది మా అత్తను. వెనక నుంచి ఎన్నిసార్లు పిలిచినా పలికేది కాదు. కంచం పెట్టగానే మాత్రం లేచి వచ్చేది. కోడలి పిలుపుకు పలకడం చిన్నతనం అనుకుంటోందని నేను లోపల ఉడికిపోయేదాన్ని.

అరవైల మొదట్లో మా ఊరి పక్కగా కుందుర్పి వైపు తారురోడ్డు పడింది. పెరికిన ఉలవచెట్టు దాని మీద పరిస్తే బస్సులూ లారీలూ తొక్కి గింజ రాలుస్తాయని ఊరంతా కనిపెట్టింది. ఇక కళ్ళంతో, ఎద్దులతో పని లేదు. కట్టెతో చెట్టు తిరగేస్తూ, మేకలను తోలుతూ ఒక మనిషి ఉంటే చాలు. వానలు లేక వయసు మగవాళ్ళు బెంగళూరుకు రాళ్ళపనికి పోయారు. ఆడవాళ్ళం చేలల్లో ఉండేవాళ్ళం. రోడ్డు పని ముసలివాళ్ళకు వదిలేశాం, మా ఇంట్లో అత్తకు.

రెండేళ్ళలో ఇద్దరు ముసలివాళ్ళు లారీల కింద పడి చనిపోయారు. రోడ్డు బలి కోరుతోందని ఊరి పెద్దలు మేకను కోశారు. నేను నమ్మలేదు. డ్రైవర్లు తాగి నడుపుతున్నారని నా అనుమానం. ఒక పొద్దున టీ అంగడి దగ్గర లారీ ఆపిన ఒక డ్రైవరు కనిపిస్తే, వాసన పసిగడదామని దగ్గరికి పోయి నిలబడ్డాను. టీ వాసన తప్ప ఏమీ రాలేదు. అయినా ఊరుకోలేదు.

"ఏమప్పా, గుద్దేకి మా ముసలోళ్ళే దొరికినారా మీకు?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "దావెంబడి సూడక్కా, యాడ సూసినా తల నెరిసినోళ్ళే కూసోని ఉండారు. హారన్ కొడితే వయసోళ్ళు లేసి పోతారు. వీళ్ళకి అది యాడ ఇనపడతాది? మీరే పంపి మమ్మల్ని అడుగుతాండారు."

ఒళ్ళు మండింది. తప్పు చేసినవాడు ఇలాగే పక్కవాళ్ళ మీదికి తోస్తాడనుకుంటూ గంప ఎత్తుకుని చేను దారి పట్టాను. మలుపు దాటితే అత్త. రోడ్డు నడుమ నాకు వీపు పెట్టి ఉలవచెట్టు తిరగేస్తోంది. నా వెనకే అతని లారీ వచ్చింది. హారన్ మోతకు నేనే అదిరిపడ్డాను. అత్త తల కూడా తిప్పలేదు.

కోడలి మీద కోపంతో ఎవరూ లారీకి అడ్డం నిలబడరు. గంప పడేసి పరుగెత్తి, రెక్క పట్టి లాగాను. ఇద్దరం కంకర మీద పడ్డాం. లారీ ఉలవచెట్టు మీద జారుతూ పోయి ఆగింది.

"ఇనపడదని యాల చెప్పలేదు అత్తా?"

ఆమె నా పెదాలనే చూస్తోంది. ఎప్పుడూ అలాగే చూసేదని అప్పుడు తట్టింది.

"చెప్తే ఈ పని గూడా ఇయ్యరు," అంది. "పని చేయనిదానికి ఎన్నాళ్ళు కూడు పెడ్తావు?"

పెడతానని వెంటనే అనలేకపోయాను. సిగ్గేసింది. ఆమె లేచి, చీర దులుపుకుని, మళ్ళీ కట్టె అందుకుంది. నేను లాక్కున్నాను. మా అత్త అప్పుడు ఏడ్చింది.