ఇస్తారికి ఉద్ది ఎవరు?

ఒమన్‌లో ఖురియాత్ క్యాంపులో ఇస్తారిని ఎరగనివాడు లేడు. మేస్త్రీ పనిలో అంత మొనగాడని కాదు. గోడ నిటారుగా లేపేవాళ్ళు ఇంకో పదిమంది ఉన్నారు. శుక్రవారం పొద్దున ఫుట్‌బాల్ మైదానంలో వెనక వరసలో నిలబడి, ముందున్నవాళ్ళను పేరుపేరునా తిట్టే నోరు మాత్రం అతనొక్కడిదే. ఆ తిట్లు సముద్రం ఒడ్డున వలలు ఆరేసుకునేవాళ్ళ దాకా వినిపించేవి. వాళ్ళకు తెలుగు రాకపోవడం అందరి అదృష్టం.

నలభై ఒక్కేళ్ళ మనిషికి ఈ బంతి పిచ్చి ఏమిటంటే, దానికో కథ ఉంది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక మైదానంలో పదహారో యేట ఆట నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడు గానీ ఆడింది తక్కువ. కెప్టెన్ పదకొండు పేర్లు చదివేవాడు, ఇస్తారి ఎప్పుడూ పన్నెండోవాడు. నాలుగేళ్ళు గీత బయట కూర్చుని లోపలివాళ్ళ చొక్కాలకూ చెప్పులకూ కాపలా కాశాడు. తర్వాత దేవవ్వతో పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, తాపీ చేతికొచ్చింది, బంతి జారిపోయింది. ముప్పై తొమ్మిదో యేట ఒమన్ వచ్చాక, క్యాంపు మొత్తంలో బంతి తన్నడం తెలిసినవాళ్ళు పట్టుమని పదిమంది లేకపోయేసరికి, గుడ్డికన్నా మెల్ల నయమని అతన్ని కూడా జట్టులోకి లాగారు. ఎట్లా వస్తేనేం, జీవితంలో మొదటిసారి పదకొండుమందిలో ఒకడయ్యాడు. ఆ వారమే దేవవ్వకు ఉత్తరం రాయించాడు. 'నన్ను తీసుకున్నారు' అన్న మాట చూసి జీతం పెరిగిందనుకుని ఆమె ఊరంతా చెప్పిందట.

జట్టు పెట్టింది హాలెట్ సాబ్. బడీ ఆసుపత్రీ కడుతున్న ఆ కంపెనీకి పెద్ద ఇంజనీరు, ఆస్ట్రేలియావాడు, యాభై దాటినవాడు. వాళ్ళ దేశంలో కోడిగుడ్డు లాంటి బంతితో ఆడే ఆట ఒకటి ఉందట. ఇక్కడ దాని ముఖం చూసినవాడు లేకపోవడంతో పాపం గుండ్రటి బంతికి దిగివచ్చాడు. రెండేళ్ళు ఆయనా ఇస్తారీ వెనక వరసలో పక్కపక్కనే నిలబడి, ఒకరి భాష ఒకరికి రాకుండానే ఒకరినొకరు తిట్టుకుంటూ హాయిగా ఆడారు.

డెబ్బై ఆరులో కొత్త బ్యాచ్ దిగింది. అందులో అందరూ కాళ్ళల్లో స్ప్రింగులున్న కుర్రాళ్ళే. సర్వేలో పనిచేయడానికి గ్రెగ్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు వచ్చాడు. కడ్డీలు వంచే పనికి హైదరాబాద్ నుంచి నిసార్ అహ్మద్ వచ్చాడు. నిసార్‌కు ఇరవై రెండేళ్ళు. బంతి వాడి కాలికి అతుక్కుని పుట్టినట్టుండేది. మొదటి శుక్రవారమే ఇస్తారి రెండు కాళ్ళ మధ్య నుంచి బంతి దాటించి, వెనక్కి తిరిగి, "సలాం చాచా!" అన్నాడు. ఇస్తారికి ఆ రోజు అన్నం సయించలేదు.

అక్టోబరులో హాలెట్ సాబ్ మెస్ ముందు నిలబడి ఒక మాట చెప్పాడు. నవంబరులో జాతీయ దినోత్సవానికి తీరం వెంట ఉన్న సూర్ ఊరివాళ్ళు ఆటకు పిలిచారు. పడవలో పోవాలి. పడవలో ఆటగాళ్ళకు పదకొండు చోట్లే, పన్నెండోవాడు ఉండడు. జట్టులో పాతవాళ్ళకూ కొత్తవాళ్ళకూ సమానంగా చోటు దక్కాలి కాబట్టి, ముప్పై దాటినవాళ్ళు ఒక జట్టు, దాటనివాళ్ళు ఒక జట్టు కట్టి ఎల్లుండి ఆడాలి. ఒక్కో జట్టులోంచి మంచివాళ్ళు ఐదుగురు, పైన తానొకడు.

ఇస్తారి ప్రాణం లేచివచ్చింది. ముసలివాళ్ళలో మొదటి ఐదుగురిలో తను లేకపోతే ఇంకెవడుంటాడు?

సాయంత్రం టైమ్ కీపర్ నసీరుద్దీన్ ఆఫీసులోని పాస్‌పోర్టులు చూసి జాబితాలు రాసి మెస్ తలుపుకు అంటించాడు. అరగంటలో క్యాంపంతా అక్కడ చేరి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కుర్రాళ్ళ జాబితాలో ఇస్తారి, వయసు ఇరవై ఎనిమిది. ముసలివాళ్ళ జాబితాలో నిసార్, వయసు ముప్పై ఆరు.

తప్పు నసీరుద్దీన్‌ది కాదు. ఇస్తారిని పంపిన బొంబాయి ఏజెంటు, కంపెనీకి పడుచువాళ్ళు కావాలన్నారని పదమూడేళ్ళు కోసేశాడు. నిసార్‌ను పంపినవాడు, పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కావాలన్నారని పద్నాలుగేళ్ళు అతికించాడు. ఇప్పుడు నోరు విప్పితే పాస్‌పోర్టే అబద్ధమని తేలుతుంది, ఆ పైన విమానం ఎక్కిస్తారు. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

ఇస్తారి నసీరుద్దీన్ గదికి పోయాడు. "నసీర్ భాయ్, గీ పోరగాండ్లల్ల నన్ను కలిపితే నేనేడ నిలుస్తనే? ఎట్లనన్న చేసి మార్చు."

"కాగజ్ మీద ఏ ఉమర్ ఉంటే గదే నీ వయసు. అసలు ఉమర్ ఇంటికాడ ఇడిసి రావాలె ఇస్తారీ," అన్నాడు నసీరుద్దీన్. మంచివాడే గానీ ఉద్యోగం చేసుకునేవాడు.

ఆ రాత్రి ఇస్తారికి నిద్ర పట్టలేదు. పొద్దున పళ్ళు తోముకుంటుంటే మాత్రం ఒక ఉపాయం తట్టింది. నసీరుద్దీన్‌ను వెంటపెట్టుకుని నేరుగా హాలెట్ సాబ్ దగ్గరికి పోయాడు.

"సాబ్‌కు చెప్పు భాయ్. మా దిక్కు ఆటల వయసు చూసి పంచుకోరు, ఉద్దులు పడ్తరు. ఇద్దరు సమానంగ ఆడేటోళ్ళు భుజాల మీద చేతులేసుకోని పక్కకు పోతరు. ఒకలు పులి, ఒకలు ఎలుగుబంటి, గిట్ల చాటుగ పేర్లు పెట్టుకోని కెప్టెన్ల దగ్గరికొస్తరు. పులి కావాల్నా, ఎలుగుబంటి కావాల్నా అంటరు. ఎవలు ఏది కోరుకుంటే ఆ మనిషి ఆ దిక్కు. రెండు దిక్కుల బలం సమానమైతది. ఎవనికి ఎవడు సరిజోడో ఆడేటోనికే ఎరుక, కాయితానికేం ఎరుక?"

చివరి మాట నసీరుద్దీన్ మింగేసి మిగిలినదంతా ఇంగ్లీషులో చెప్పాడు. హాలెట్ సాబ్ కళ్ళు మెరిశాయి. అలాంటి ఏర్పాటు తన జన్మలో వినలేదన్నాడు. తనకు ఉద్ది గ్రెగ్ అని అప్పటికప్పుడే తేల్చేసి, ఇద్దరూ కెప్టెన్లుగా ఉంటామన్నాడు. ఇస్తారి గెలిచినంత పని చేసి బయటికొచ్చాడు.

శుక్రవారం పొద్దున కంకర మైదానంలో ఇరవై రెండు మంది పోగయ్యారు. కొత్తగా ఉందని మలయాళీలూ పాకిస్తానీలూ కూడా నవ్వుకుంటూ జతలు వెతుక్కున్నారు. ఇస్తారి పక్క ఊరివాడు భూమయ్య వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. భూమయ్యకు మోకాళ్ళ నొప్పి, ఆట అంతంతమాత్రం.

"రా మామా, మనిద్దరం ఉద్ది."

ఇస్తారి సరేననబోయాడు. అప్పుడే మైదానం నడుమ ఒంటరిగా నిలబడ్డ నిసార్ కేక వినిపించింది. వాడితో సమానమని చెప్పుకునే ధైర్యం ఎవరికీ లేక వాడికి జత దొరకలేదు. "క్యా భాయ్, నాకు ఉద్ది ఎవ్వరు లేరా? కావాల్నంటె ముసలోళ్ళు ఇద్దరు కల్సి ఒక్కడయి రాండ్రి!" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

ఇస్తారికి ఒళ్ళు మండింది. భూమయ్య చేతిని భుజం మీంచి తీసేసి, గబగబా నడిచిపోయి నిసార్ మెడ చుట్టూ చెయ్యి వేశాడు. "ఇద్దరక్కర్లేదురా, నేనొక్కన్ని సాలు. నడువు, పేర్లు పెట్టుకుందాం." నిసార్ నవ్వు సగంలో ఆగింది. తాపీ, సుత్తె అని పేర్లు పెట్టుకుని వచ్చారు. తాపీ గ్రెగ్ కోరుకున్నాడు, సుత్తె హాలెట్ సాబ్‌కు పోయింది. అట్లా ముసలి ఇస్తారి కుర్ర కెప్టెన్ దిక్కుకూ, కుర్ర నిసార్ ముసలి కెప్టెన్ దిక్కుకూ చేరారు.

పంపకాలయ్యాక హాలెట్ సాబ్ చేతులు రుద్దుకుంటూ ఏదో అన్నాడు. నసీరుద్దీన్ అందరికీ వినిపించేలా చెప్పాడు. "సాబ్ ఏమంటున్నడంటే, ఎవల సరిజోడు ఎవలో మీరే తేల్చిండ్రు, నా పని అల్కగైంది. పదకొండు జతలున్నయి. ఒక్కో జతల నుంచి ఒక్కడే సూర్ వస్తడు. నాకూ గదే లెక్క."

ఇస్తారి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. భూమయ్యతో జత కట్టి ఉంటే చోటు చేతిలో పడ్డట్టే. రోషానికి పోయి క్యాంపులోకెల్లా మొనగాడిని ఏరికోరి తెచ్చుకున్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. దూరం నుంచి భూమయ్య తల కొట్టుకోవడం కనిపించింది.

ఆట మొదలైంది. మొదటి సగంలో ఏం జరిగిందో చెప్పాలంటే నాకే మనసొప్పదు. నిసార్ మూడుసార్లు ఇస్తారిని దాటిపోయాడు, రెండుసార్లు గోల్ చేశాడు. ఇస్తారి వాడి వెంటపడి పరుగెత్తీ పరుగెత్తీ, ఊపిరందక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. తిట్టడానికి కూడా నోట్లో తడి లేదు. తన కాలం అయిపోయిందనిపించింది. ఏడుపొచ్చింది కూడా.

నడుమ విరామంలో నీళ్ళ డ్రమ్ము దగ్గర తల తడుపుకుంటూ మైదానం వైపు చూశాడు. రెండేళ్ళు ఆడిన నేల అది. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ రాయి తేలిందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. సముద్రం వైపు గీత పక్కన నాలుగు గజాల మేర కంకర కింద అంతా వదులు ఇసుకే. అక్కడికి పోతే బంతి నీరసించిపోతుంది. నిసార్ ఎప్పుడూ లోపలి వైపు నుంచే దాటిపోతున్నాడు. నేను వాని వెంట ఎందుకు ఉరుకుతున్న, అనుకున్నాడు ఇస్తారి. మేస్త్రీ ఇటుక వెంట ఉరుకుతాడా? ఇటుకే చేతికి రావాలి.

రెండో సగంలో అతను పరుగెత్తడం మానేశాడు. నిసార్ వస్తుంటే లోపలి వైపు అడ్డంగా నిలబడి, సముద్రం వైపు దారి వదిలేశాడు. నిసార్ ఆ దారి చూసి సంబరంగా దూసుకుపోయాడు. ఇసుకలో బంతి ఆగింది, కాలు ముందుకుపోయింది. ఇస్తారి నింపాదిగా నడిచివెళ్ళి బంతి తీసుకుని గ్రెగ్‌కు తన్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి నిసార్ లోపలికి తిరగబోయాడు. ఇస్తారి అప్పటికే అక్కడున్నాడు. ఐదుసార్లు వచ్చినవాడు ఐదుసార్లూ ఉత్త కాళ్ళతో వెనక్కి పోయాడు. ఇస్తారి తిట్లు మళ్ళీ సముద్రం దాకా వినిపించాయి. చివరికి రెండుకు ఒకటితో హాలెట్ సాబ్ దిక్కు గెలిచింది గానీ, ఆ రెండూ మొదటి సగంలోనివే.

ఆట ముగిశాక అందరూ జతలు జతలుగా నిలబడ్డారు. నసీరుద్దీన్ కాగితం, పెన్ను పట్టుకున్నాడు. హాలెట్ సాబ్ ముందుగా తన జత సంగతి తీసుకున్నాడు. గ్రెగ్ వైపు చూశాడు, బూట్ల వైపు చూసుకున్నాడు, "గ్రెగ్" అన్నాడు. అంతే. సాబ్ ఎర్రటి ముఖం ఇంకా ఎర్రబడింది. ఒక్కడూ నవ్వలేదు. తర్వాత తొమ్మిది జతలూ చకచకా తేల్చేశాడు. ఆఖరున ఇస్తారి, నిసార్ మిగిలారు.

హాలెట్ సాబ్ గడ్డం గోక్కుని ఏదో అన్నాడు. నసీరుద్దీన్ నెమ్మదిగా చెప్పాడు. "మొదలు పిలగాడు గెలిచిండు, ఎనక నువ్వు గెలిచినవ్. నాకు తేలుత లేదంటున్నడు. నా జత నేనే తేల్చుకున్న, మీ జత మీరే తేల్చుకోండ్రంటున్నడు. పెద్దోనివి, ముందుగాల నువ్వు చెప్పు ఇస్తారీ."

అందరూ ఇస్తారి వైపు తిరిగారు. ఏం చెప్పాలో అందరికీ తెలుసు. పెద్దవాడు పక్కకు తప్పుకుని పిల్లవాడి భుజం తట్టాలి. అదీ మర్యాద. సాబే చేసి చూపించాడు కదా. భూమయ్య వెనక నుంచి, "ఇడిసిపెట్టు మామా, పోరడు పోనీ," అన్నాడు కూడా. ఇస్తారి నోట్లోకి ఆ మాట వచ్చింది. నిసార్ తల దించుకుని కాలితో కంకర గీకుతున్నాడు. అప్పటికే చోటు దక్కినవాడిలా సిగ్గుపడుతున్నాడు.

ఇస్తారి వచ్చిన మాటను మింగేశాడు.

"నేనే," అన్నాడు. "సాబ్‌కు చెప్పు భాయ్. నేనే పోత. పోరడు నాకన్న మంచిగ ఆడ్తడు, అబద్ధం చెప్ప. గని ఇయ్యాల ఎనక ఐదుసార్లు వాన్ని ఆపిన. ఇనామడుగుత లేను, నా జాగ నేనడుగుతున్న."

ఇస్తారికి చెవులు వేడెక్కాయి. ఇంతమందిలో సిగ్గులేకుండా తన పేరు తానే చెప్పుకున్నాడు. సిగ్గేసింది, దాని కింద ఎన్నడూ లేనంత సంతోషమూ వేసింది. నసీరుద్దీన్ మాటలు ఇంగ్లీషులోకి మార్చి, నిసార్ వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ బేటా?"

నిసార్ తలెత్తాడు. ఇస్తారిని చూశాడు. ముఖంలో కోపం ఉంది, కోపం వెనక ఇంకేదో ఉంది.

"దిల్ ఒప్పుత లేదు నసీర్ భాయ్. మస్తు దుఃఖమైతుంది," అన్నాడు. "గని ఝూట్ ఎట్ల చెప్తా? ఎనక చాచా నాకు బాల్ ముట్టనియ్యలే. ఈసారి ఆయనదే. సూర్ నుంచి రానియ్, మళ్ళ ఉద్ది పడ్తం. గప్పుడు నేను గూడ నేనే అంట, చాచాకు గుస్సా రావద్దు."

"పడ్దాం రా," అన్నాడు ఇస్తారి. "గుస్సా వస్తది గని, పడ్దాం."

హాలెట్ సాబ్ తల ఊపాడు. నసీరుద్దీన్ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని పదకొండో పేరు ఇంగ్లీషులో రాయసాగాడు. ఇస్తారికి ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. అయినా పక్కనే వంగి నిలబడి, ఆ పేరు ఆఖరు అక్షరం దాకా పూర్తయ్యే వరకూ కదలలేదు.