ఆరుసార్లు కొలిచిన రెక్క

ఖగోళశాస్త్ర విభాగంలో ఆవిణ్ణి అందరూ రెక్కలక్క అనేవారు. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ పని కొలతలు తీయడం. గెలాక్సీ నడిబొడ్డున మహా కృష్ణబిలం వాయువును మింగుతుంటే, గొంతు దిగకముందే ఆ వాయువు కాగి ధగధగలాడుతుంది. దాన్నే క్వేజార్ అంటారు. ఆ ధాటికి చుట్టుపక్కల వాయువు సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో బయటికి ఎగదన్నుకొస్తుంది. మనవైపు వచ్చేది, వర్ణపటంలో ఆక్సిజన్ గీతకు నీలం వైపున రెక్కలా సాగి కనిపిస్తుంది. ఆ రెక్క ఎందాకా సాగిందో కొలిస్తే వేగం తెలుస్తుంది.

ఈసారి ఆవిడ వంతుకు నూట పది దగ్గరి క్వేజార్లు వచ్చాయి. దగ్గర అంటే వంద కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ విభాగంలో అది పక్కవీధి కింద లెక్క.

నలభై రెండు క్వేజార్లు పూర్తయ్యాక భర్త పోయాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, పనిలో ఉండగానే గుండె ఆగింది. పన్నెండో రోజున ఆవిడ పనికి వచ్చేసింది.

“ఇంకొన్నాళ్లు ఇంటిపట్టున ఉండాల్సిందమ్మా,” అన్నాడు ప్రొఫెసర్.

“ఉండి ఏం చెయ్యాలి సార్?”

ఏడుపు రాలేదు. బస్సెక్కింది, దిగింది, వండింది, సగం పారేసింది. వదిన ఫోన్ చేసి “తిన్నావా?” అంటే “ఆఁ” అంది. తిన్నదో లేదో గుర్తులేదు.

వారం గడిచాక పరిశోధక విద్యార్థిని కొలతల పట్టిక పట్టుకొచ్చింది.

“అక్కా, ఈ వారం ఎన్ని కొలిచారు?”

“ఆరు.”

“ఒక్కటేనక్కా. రోజూ నలభై మూడోదాన్నే తెరిచి కొలిచారు.”

ఎనిమిది వందల నలభై, ఎనిమిది వందల ముప్ఫై ఎనిమిది, ఎనిమిది వందల నలభై ఒకటి... చేతిరాత తనదే. “అవును కదా,” అంది, ఎవరో పొరుగావిడ పొరపాటు గురించి విన్నట్టు. కనీసం సిగ్గేసినా బాగుండుననుకుంది. అదీ వేయలేదు.

ప్రొఫెసర్ పట్టికను చాలాసేపు చూశాడు. “ముందురోజుది గుర్తులేకుండానే ఆరుసార్లూ దాదాపు ఒకే వేగం తీశావమ్మా. నీ కొలత ఎంత అటూఇటూ అవుతుందో దీన్నిబట్టి చెప్పొచ్చు. పరిశోధన వ్యాసంలో వాడుకోనా?”

“వాడుకోండి సార్. ఎందుకలా కొలిచానో మాత్రం రాయకండి.”

“రాయను.”

మధ్యాహ్నం నలభై నాలుగోది తెరిచింది. రెక్క పలచగా ఉంది, ఎక్కడ ఆగిందో తేలడం లేదు. చూసి చూసి కళ్లు మండాయి.

“ఇటు రావే. ఇది నాకు కనబడట్లేదు.”

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఇద్దరూ సాయంత్రందాకా ఆ ఒక్కదాన్నే కొలిచారు.