గౌరి నుదుటి మీది మసి

ఒక ఆవు నుదుటి మీద పెట్టిన కాస్త మసిని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

తిరుమలగిరి అవతల ఒక డెయిరీలో పాలు పిండేదాన్ని. ఎటు చూసినా ఐటీ కంపెనీలు లేస్తున్న రోజులు. మా సారు కూడా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే ఆవులను పెట్టాడు. షెడ్డు గుమ్మానికి కెమెరా బిగించాడు. ఏ ఆవు నడకలో తేడా వచ్చినా, మా కంటికి ఆనని కుంటు అయినా సరే, తెర మీద దాని ఫోటో ఎర్రగా వెలిగేది. నాకూ, నాతో పనిచేసే బాలమణికీ చదువు రాదు గనుక పేర్లకు బదులు ఫోటోలు పెట్టించాడు. ముఖం మీది మచ్చలను బట్టే కెమెరా ఆవును గుర్తుపడుతుందని చెప్పాడు. విన్నాను.

గౌరిది తెల్లటి నుదురు. దూడగా ఉన్నప్పటి నుంచి నా చేతుల్లో పెరిగింది. చూడవచ్చినవాళ్లు దాని పొదుగును నోరు తెరుచుకుని చూస్తుంటే నా మనసు ఊరుకోలేదు. దిష్టి తగలకూడదని నూనెలో మసి కలిపి, నుదుటి మీద పెద్ద చుక్క పెట్టాను. చంద్రి అనే ఇంకో ఆవుదీ తెల్లటి నుదురే, దానికి సరిగ్గా అక్కడే నల్లటి పుట్టుమచ్చ.

తెర చూసి ఆవు కాళ్లు పరీక్షించడం బాలమణి పని. ఒకరోజు చంద్రి ఫోటో ఎర్రబడింది. కాళ్లు చూసింది, బాగున్నాయి. మర్నాడూ అంతే. సారుకు అదే చెప్పింది. మిషన్‌కు కూడా చూపు మందగించింది, సారులాగే అద్దాలు పెట్టించాలని నాతో అంటే ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు మధ్యలో నాకేదో తట్టిందా? తట్టినట్టే ఉంది. కానీ మసి సంగతి చెబితే సారు నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూస్తాడని, తప్పు మిషన్‌దేనని నన్ను నేనే నమ్మించుకున్నాను.

కుంటింది చంద్రి కాదు, గౌరి. గిట్టలో చీము పట్టి కూలబడింది. మళ్లీ లేవలేదు. సారు వచ్చేలోపు కొంగు తడిపి దాని నుదురు తుడిచేశాను. చూసినవాళ్లు ప్రేమ అనుకున్నారు.

తన కెమెరా పొరపడిందంటే సారు ఒప్పుకోలేదు. బాలమణే ఆవును గుర్తుపట్టలేదన్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"అక్కా, నువ్వన్న చెప్పు. నా పక్కనే ఉన్నవ్ గద. చంద్రి ఫోటోనే గద వచ్చింది?"

"నేను సూడలే."

అంతే. అదే పూట ఆమెను పంపించేశారు. ఆవును చంపిందన్న పేరు పడ్డాక ఏ డెయిరీ ఆమెను రానివ్వలేదు. నిజం చెప్పి ఉంటే నాకేమయ్యేది? సారు నాలుగు తిట్లు తిట్టేవాడు, నలుగురిలో నవ్వేవాడు. ఆ నవ్వుకు భయపడి ఒక మనిషి నోటికాడి కూడు తీసేశాను.

తర్వాత ఒకసారి రాంగోపాల్‌పేట్‌లో కనిపించింది. హోటల్ వెనక అంట్లు తోముతోంది. నన్ను తిట్టలేదు. చంద్రి ఈనిందా అని అడిగింది. వచ్చిన దారినే వెనుదిరిగాను.

జుట్టు నెరిశాక అక్షరాలు నేర్చుకున్నాను. ఈ కాగితం బాలమణికి చేరినా ఆమెకు చదవడం రాదు, ఎవరో చదివి వినిపించాలి. అందుకే పంపడం లేదంటాను. అదీ భయమేనేమో.

మసి పెట్టింది నేను. తుడిచిందీ నేనే. ఈ రెండు మాటలూ నా చేత్తో రాశాను.