నిప్పుల పాము వాంగ్మూలం

విచారణ జరగనిదే ఓబుళేశు రాజ్యంలో ఈగకైనా శిక్ష పడదు. ఆ రాజ్యంలో కోటలున్నాయి, కత్తులున్నాయి, మనుషులను మింగే మృగాలున్నాయి. అయినా ఎవరు ఎవరి మీద కత్తి దూసినా ఓబుళేశు చెయ్యెత్తి ఆపుతాడు. "ఉండప్పా! ఆయప్పను పిలిచినారా? చెప్పుకునేది చెప్పుకోనిచ్చినారా?" అంటాడు. పిలవాలి. పిలిచినవాడు రావాలి. వచ్చినవాడు చెప్పుకోవాలి. అప్పటికి దూసిన కత్తి తుప్పు పడుతుంది.

ఆ రాజ్యం పేరు ఫాల్కెన్‌గ్రుండ్. ఉన్నది మాత్రం ఆదోనిలో, ఓబుళేశు ఫ్లెక్సీ దుకాణం వెనక గదిలో, పాత ఫ్లెక్సీల వెనుకవైపు. ముందువైపు నాయకుల నమస్కారాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, బిర్యానీ హోటలు ప్రారంభోత్సవాలు. తిరగేస్తే వందల ఏళ్ళ కిందటి జర్మన్ దేశాన్ని పోలిన నదులు, ప్రాకారాలు, చేతిపనులవాళ్ళ వీధులు. అదొక ఆట. ఒకడు లోకాన్ని కల్పించి కథ నడుపుతాడు. తక్కినవాళ్ళు తలొక వేషం కట్టి, తమ మనిషి ఏం చేస్తాడో నోటితో చెబుతారు. తెగని చోట పాచికలు తేలుస్తాయి. పెద్ద నగరాల కుర్రాళ్ళు ఒక్క పూటలో ఒక రాక్షసుణ్ణి చంపి ఇళ్ళకు పోతారట. ఓబుళేశు దగ్గర రాక్షసుడి తరఫు సాక్షులే పూర్తి కారు.

ఆదోని కోర్టులో వకీలు శివలీల ఒక సాయంత్రం ధర్నా బ్యానరు కోసం ఆ దుకాణంలో అడుగుపెట్టింది. ముప్పై నిండని మనిషి. అధికారుల గదుల తలుపులు ఆమె తట్టదు, తోస్తుంది. తన అర్జీలో ఒక్క పదం అటూ ఇటూ అయినా చించి మళ్ళీ రాస్తుంది. అలాంటి శివలీల వెనక గదిలో కనబడిన దృశ్యం చూసి గుమ్మంలోనే నిలిచిపోయింది. ఇనుప కమ్మీలకు ఆకుపచ్చ ఫ్లెక్సీ ముక్కలు కట్టి నిలబెట్టిన చెట్టు. దాని కింద స్టూలు మీద, చేతిలో ఫ్రేము కర్రతో, కుడికాలు ఎడమకాలి మీద వేసుకుని, కోపగించిన సింహంలా ఓబుళేశు. ఎదురుగా, గోడవైపు తిరిగి, శివలీల కక్షిదారు ఈరక్క.

"నేను ఎవుర్నీ తిన్లేదు సామీ," అంటోంది ఈరక్క, గోడతో.

ఈరక్క పగలంతా ఆ దుకాణంలోనే ఫ్లెక్సీలకు తాళ్ళు కట్టే రింగులు కొడుతుంది. ఊళ్ళో ఆమెకు వానాధారపు చేను ఒకటుంది. కొత్త సర్వేలో అది పక్క చేని ఆసామి పేర ఎక్కింది. సవరించాలంటే గ్రామసభలో అధికారి ఎదుట ఆమే నోరు విప్పి చెప్పుకోవాలి. వకీలు చెబితే చెల్లదన్నాడు ఆ అధికారి. అంతకుముందు నిలబడిన ప్రతిసారీ ఈరక్క కొంగు నోట్లో కుక్కుకుని తిరిగివచ్చింది. ఇక ఎండలు ముదిరాక జరిగే గ్రామసభ ఒక్కటే మిగిలింది. ఆ రోజూ నోరు పెగలకపోతే చేను పోయినట్టే.

శివలీల కోపం నషాళానికంటింది. "ఏమన్నా ఇది? విచారణ నెత్తిమీదికొస్తాంటే ఈమెను పామును చేసి కూచోబెట్టినావా?"

"పాము కాదు లాయరమ్మా, లిండ్‌వుర్మ్," అన్నాడు ఓబుళేశు, కాలు దించకుండా. "జర్మనోళ్ళ నిప్పుల పాము. రెక్కలుండవు."

"రెక్కలున్యా ఈ రాజ్యంలో ఎగరనియ్యడు, ముందు నోటీసిస్తాడు," అన్నాడు ఆటో రంగన్న. ఆటలో అతడు వీరయోధుడు. సంక్రాంతి నుంచీ ఆ పామును చంపడానికి సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. "నా కత్తికి పెండ్లీడు వచ్చింది లాయరమ్మా, ఒరలోనే ఉండాది."

"చంపేటోళ్ళు శానామంది దొరికినారు. పలికేటోళ్ళు దొరకలే. ఈరక్క ఒప్పుకున్యాది," అన్నాడు ఓబుళేశు.

తిట్టి ఈరక్కను తీసుకుపోదామనే శివలీల కూర్చుంది. కూర్చున్నది లేవలేదు. గుంతకల్లు దాటి ఎరుగని ఓబుళేశు, న్యాయాధిపతి కాలు మీద కాలు వేసుకు కూర్చోవాలని జర్మనీలో ఒక పాత ఊరు నిజంగానే రాసిపెట్టుకుందని చెప్పాడు. సభ ఆరుబయట లిండెన్ చెట్టు కింద జరగాలి. పొద్దుగుంకితే తీర్పు చెప్పకూడదు. చేతికర్ర కింద పెడితే సభ ముగిసినట్టు. తూకం తగ్గించిన రొట్టెలవాణ్ణి బోనులో పెట్టి ఏట్లో ముంచేవారట.

"మన ఊర్లో అట్ల ముంచాలంటే వంకలో నీళ్ళు చాలవు," అన్నాడు రంగన్న.

"అందుకే ఫాల్కెన్‌గ్రుండ్‌లో ముందు ఏరు గీసినా, తర్వాతే రొట్టెల అంగడి పెట్టినా," అన్నాడు ఓబుళేశు.

శివలీల చదివిన కళాశాల గోడల మధ్య న్యాయశాస్త్రం ఏనాడూ ఇలా ఊపిరి పీల్చలేదు. ఇక్కడ ఒక మనిషి చట్టాన్ని కంచరి పాత్రను కొట్టినట్టు, ఏ దెబ్బ ఎందుకో తెలిసి కొడుతున్నాడు. ఆనాటి నుంచి ఆమె రోజూ వచ్చింది, తప్పులు పట్టడానికేనని తనకు తాను చెప్పుకుంటూ.

విచారణ సాగింది. రంగన్న ఫిర్యాది. "ఈ పాము మా ఊరి గొర్రెల్ని మింగింది."

"గొర్రెలు నా గవిలోకి ఎందుకొచ్చినాయి?" అంది ఈరక్క, గుహలోని పాముగా. ఈసారి గోడవైపు కాదు, రంగన్న వైపు తిరిగి. "గవి నీదా, నాదా? మా అమ్మ కాలం నుంచీ ఆడ్నే పండుకుంటాండా. కావాలంటే అడివిని అడుగు."

శివలీలలోని వకీలు చెవి ఒక్కసారి నిక్కబొడుచుకుంది. అయితే ఆ క్షణానే ఈరక్క మాట తడబడింది. ఓబుళేశు కర్ర ఎత్తి, "తడబడింది. మల్లా మొదట్నుంచి చెప్పుకోవచ్చు. అంతవరకు ఎవురూ నడమ మాట్లాడగూడదు," అన్నాడు.

శివలీలకు తప్పు దొరికింది. మర్నాడు గ్రంథాలు తిరగేసి మరీ వచ్చింది. "అన్నా, ఆ కాలపు జర్మన్ సభల్లో మాట జారితే దావా పోయేది. అది వాళ్ళ కఠిన నియమం. రొట్టె తూకం కాడ అంత నిక్కచ్చిగా ఉండి, ఈడెందుకు సడలించినావు?"

ఎన్నడూ లేనిది ఓబుళేశు చూపు తిప్పుకున్నాడు. మెడ గోక్కున్నాడు. "ఆ ఒక్క సట్టం నాకు నచ్చలే లాయరమ్మా."

"నచ్చకుంటే మార్చేస్తావా?"

"రాజ్యం గీసింది నేనే కదా."

ఆ సమాధానానికి ఆమె రెండురోజులు మండిపడింది. దేశంలో ఒక్క అన్యాయపు నియమం మార్చడానికి తాను చెప్పులు అరగదీస్తుంటే, ఈయన మెడ గోక్కుని మార్చేశాడు.

గ్రామసభ నాడు బడి వరండా నిప్పుల కొలిమిలా ఉంది. అధికారి ఫోను చూసుకుంటూ, "తొందరగా చెప్పమ్మా," అన్నాడు. ఈరక్క లేచింది. "ఆ చేను... ఆ చేను మా... మాయత్త..." అంటూనే ఆగిపోయింది. ఆసామి పకపకా నవ్వాడు. అధికారి, "చెప్పేదేమీ లేకుంటే ఇక..." అని పక్క కాగితం అందుకున్నాడు.

ఈరక్క కొంగు వదిలేసింది.

"ఉండండి సార్. మాట తడబడింది. మల్లా మొదట్నుంచి చెప్తా. నేను ముగించేదాకా ఎవురూ నడమ మాట్లాడగూడదు."

అధికారి అందుకున్న కాగితం కింద పెట్టాడు.

"ఆ చేను నాది. మాయత్త దున్న్యాది, ఆయమ్మ ఎనకాల నేను దున్నినా. దాంట్లో రాళ్ళన్నీ ఈ చేతుల్తో ఏరి పడమటి గట్టున కుప్పేసినా. ఆ కుప్ప ఈ పొద్దుకీ ఆడ్నే ఉండాది. చేను ఆయప్పదైతే, రాళ్ళు ఎవురేరినారో చెప్పమనండి."

"సార్, ఈమె మాటలు..." అని ఆసామి లేవబోయాడు.

"నీ వంతు వస్తాది. కుచ్చోప్పా," అంది ఈరక్క. ఆసామి కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఆయనకే తెలియదు.

అధికారి శివలీల వైపు వంగి, గొంతు తగ్గించి, "మేడం, తడబడితే మొదటినుంచి చెప్పుకునే హక్కు ఏ సెక్షన్లో ఉంది?" అన్నాడు.

లేని సెక్షను ఉదహరించడం శివలీల ఎరుగదు. ఫాల్కెన్‌గ్రుండ్ శాసనమని చెప్పడానికీ లేదు. "సహజ న్యాయ సూత్రం సార్," అంది తల ఎత్తి. "ప్రతి మనిషికీ పూర్తిగా చెప్పుకునే అవకాశం ఇయ్యాల." అన్నాక అది అక్షరాలా నిజమని ఆమెకే తోచింది.

అధికారి చేనికి నడిచాడు. రాళ్ళ కుప్ప ఆమె నడుమెత్తు ఉంది. కింది రాళ్ళకు నాచు ఎండి నల్లబడి ఉంది. చుట్టుపక్కల చేలవాళ్ళు ఒక్కొక్కరే నోళ్ళు విప్పారు. అక్కడికక్కడే సవరణకు ఆదేశం అయింది.

శివలీల ఆ ఊపుతోనే దుకాణానికి వచ్చింది. "అన్నా, ఆ పామును ఇన్నాళ్ళూ ఎందుకు చంపనియ్యలేదో ఇప్పుడర్థమైంది!"

"ఏందమ్మా అర్థమయ్యేది? సాక్షులింకా మిగిల్నారు," అన్నాడు ఓబుళేశు, మిషన్‌లో ఫ్లెక్సీ సర్దుతూ.

"యామారిస్తాండావా?" అన్నాడు రంగన్న. "లాయరమ్మా, మొదట్లో ఈరక్కను గోడకు చెప్పమన్యాడు. తర్వాత నా మొగానికి. ఆ తర్వాత బజారు తలుపు తీసిపెట్టి, పొయ్యేటోళ్ళంతా సూస్తాంటే చెప్పించినాడు. గాలి కోసం తీసినాడేమో అనుకుంటి!"

"గాలి కోసమే," అన్నాడు ఓబుళేశు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తొలకరి పడింది. ఈరక్క వేరుశనగ బుడ్డలు విత్తడానికి పోయింది. ఓ సాయంత్రం ఆమె ఊరి ఆడవాళ్ళు నలుగురు, కాళ్ళకు బురదతో, దుకాణం మెట్ల మీద నిలబడ్డారు.

"ఏమప్పా, ఈడ నిప్పుల పాము యేషం ఇస్తారంట గదా? మాకూ విచారణ ఉండాది," అంది వాళ్ళలో పెద్దది, కృష్ణవేణమ్మ.

"అడివిలో ఒకటే లిండ్‌వుర్మ్ ఉండాదమ్మా," అన్నాడు ఓబుళేశు దీనంగా.

ఎవరూ కదలలేదు. ఓబుళేశు నిట్టూర్చి, గదిలోకల్లా పెద్ద ఫ్లెక్సీని లాగి తిరగేశాడు. శివలీల, రంగన్న చెరో కొస పట్టి పరిచారు. అడవికి ఉత్తరాన కొండలు లేచాయి, కొండల్లో గుహలు తెరుచుకున్నాయి. కృష్ణవేణమ్మ గొంతుక్కూర్చుని తన గుహను పరీక్షగా చూసింది.

"దీని ముందర ఒక బోరు గీయప్పా."

"ఆ కాలంలో బోర్లు లేవమ్మా. బావి గీస్తా."

"ఎంత లోతు?"

ఓబుళేశు ఆలోచించాడు. "చెయ్యి పెడితే నీళ్ళు తగిలేటంత," అని నీలం పెన్ను మూత తీశాడు.