దిష్టికి కట్టిన గాజు బుగ్గ

మా అల్మారా పైన కోడిగుడ్ల అట్ట ఒకటి ఉంటుంది. అందులో గుడ్లు ఉండవు, క్రిస్మస్ చెట్టుకు కట్టే పాత గాజు గోళాలు ఉంటాయి, మా దిక్కు బుగ్గలంటాం. ఇప్పుడు మక్తల్ బజారులో దొరికేవన్నీ ప్లాస్టిక్‌వి. నేలకేసి కొట్టినా ఎగిరి మళ్లీ చేతికొస్తాయి. నాకు కావలసినవి గట్టిగా చూస్తే పగిలేంత పల్చటివి, ఎప్పుడో మిషన్ బంగళా దొరసానులు ఊళ్లలో పంచినవి. చుట్టాల ఇళ్లలో, చర్చి పాత పెట్టెలో వెతికి కొన్ని సంపాదించాను. ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చి అంటారు, నేను సేకరణ అంటాను. దుమ్ము మాత్రం రెంటికీ ఒకటే.

ఈ డిసెంబరులో ఇంకొకటి పక్క ఊళ్లో, గొర్రెల దొడ్డి వాకిలికి కనిపించింది. ఎర్రది, లోపల వెండి పూత. బూడిద గుమ్మడికాయ పక్కన నల్లదారంతో వేలాడుతోంది. తన అత్త బంగళాకు పాలు పోసేదని, దొరసాని ఇచ్చిందని ఆ ఇంటి అవ్వ చెప్పింది. మెరుస్తుంది కాబట్టి చూసేవాళ్ల కన్ను గొర్రెల మీద పడకుండా దాని మీదే పడుతుందట.

"అవ్వా, జర గది నాకిస్తవా?"

"రేపు అమాస. గుమ్మడికాయతోని దాన్ని గూడ మూడు బాటల కాడ పగలగొడ్తం. దిష్టంత నిండింది దాంట్ల."

గుండె ఆగిపోలేదు, నాకు అలాంటివి జరగవు. బేరానికి మాత్రం దిగాను.

"పగలగొట్టేదేదో నాకియ్యరాదు?"

"గా కీడంత నీకు తగుల్తది కొడుకా. మీ అమ్మ నన్ను తిట్టదా?"

"మేం చర్చికి పోతం అవ్వా. మాకు దిష్టి తగలదు."

"ఏం, మీ దిక్కు మనుషులకు కండ్లు లేవా?"

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి దొడ్డికి అడ్డంగా కూర్చున్నాను. గుమ్మడికాయ దించుతున్న అవ్వ కొడుకు, "ఈ పోరడు పోయేటట్టు లేడే అమ్మా," అన్నాడు.

"పరీక్ష పోయింది, బండి చోరీ అయింది. కీడుకు నా దగ్గర కొత్తగ చేసే పని లేదవ్వా," అన్నాను.

అవ్వ నన్ను తూర్పుకు కూర్చోబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. అంటే దిష్టి ఉన్నట్టు.

"చూసినవా? బుగ్గ కన్న నీకే ఎక్కువున్నది. ఇగ తీస్కపో."

తర్వాత దాన్ని పసుపు నీళ్లలో ముంచబోతే చెయ్యి పట్టుకున్నాను, రంగు ఊడుతుందని. చివరికి ఒక్క చుక్క చల్లడానికి ఒప్పుకుంది. "చేతికియ్య. కింద పెడ్త, నువ్వే తీస్కో." తీసుకున్నాను.

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. దిష్టిని నమ్మకూడదని ప్రతి ఆదివారం వినే మనిషి!

"దిష్టి బుగ్గ తెచ్చి ఏసయ్య చెట్టుకు కడ్తవారా?"

"నువ్వు నమ్మవు గద అమ్మా."

"నమ్మ. అయినా వద్దు."

బుగ్గ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేసింది. తర్వాత తనే చెట్టుకు కట్టింది, వెనక, గోడవైపు. నేను తీసి ముందువైపు కట్టాను. సాయంత్రానికి మళ్లీ గోడవైపే ఉంది. మళ్లీ ముందుకు తెచ్చాను. పండుగకు ఇంకా టైముంది, ఓపిక నాకూ ఉంది.